ఎనిమిదో పూలకట్ట

వకుళకు నలభై ఒకటి. పాట రికార్డు చేసే ముందు చేతి గడియారం, గాజులు, చెవుల జుంకాలు తీసి సంచిలో వేసుకుంటుంది. మైకు దగ్గర గలగలమనేదేదీ ఒంటి మీద ఉండనివ్వదు.

వయొలిన్ వాయిస్తుంది. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, స్వరం రాసేస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఎదుటివాళ్లకు తెలియకపోతే తెలియజేస్తుంది కూడా.

అంతటి చెవి ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక మెట్ట ఊళ్లో పదకొండు రోజులుగా ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఊరి పేరు పోసు వెర్దె. పచ్చబావి అని అర్థం. అక్కడ బావీ లేదు, పచ్చదనమూ లేదు. ఎర్రమట్టి, బ్రహ్మజెముడు, మేకలు, ముప్పై ఇళ్లు. ఆ చివరింట్లో జెఫా ఉంటుంది. డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి. ఊరంతా ఆమెను 'దోనా జెఫా' అంటారు. దోనా అంటే మన అమ్మగారు లాంటి మాట. పొద్దుట లేచింది మొదలు నోట్లో మట్టి చిలుం, చేతిలో పని, గొంతులో పాట.

వకుళ పోర్చుగీసు భాష మూడేళ్లు కష్టపడి నేర్చుకుని, గుంటూరు నుంచి డోలక్ వాయించే, రికార్డింగ్ కూడా చూసుకునే నజీర్‌ని వెంటబెట్టుకుని, ఈమె పాటల కోసమే వచ్చింది. జెఫా కాదనలేదు. కాకపోతే ఊరికే కూర్చుని పాడనంది. బట్టలుతికేటప్పుడు ఉతికే పాట, కర్రపెండలం తురిమేటప్పుడు తురిమే పాట. పాట కావాలంటే పని చెయ్యాలి. అలా అయిదు వారాల్లో వకుళ అరచేతులు కాయలు కాశాయి, ఇరవయ్యారు పాటలు వచ్చాయి.

మొదటి రోజు వకుళ ఒక పాట విని, వెంటనే అక్షరం పొల్లుపోకుండా తిరిగి పాడి, మెప్పు కోసం చూసింది.

"మా పక్కింటి చిలక కూడా ఇంతే పిల్లా," అంది జెఫా. "బట్టలు పిండు."

ఇరవయ్యేడో పాట దగ్గర బండి ఆగిపోయింది. దాన్ని ఆ ఊళ్లో 'పన్నెండు మెట్ల పాట' అంటారు. పసిబిడ్డ పోతే పాడేది. బిడ్డ ఆకాశానికి ఎక్కడానికి పన్నెండు మెట్లు. ఒక్కో చరణం ఒక్కో మెట్టు. పాట మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే బిడ్డ ఆ మెట్టు మీదే నిలబడిపోతుంది. ఆ పాట పూర్తిగా వచ్చినవాళ్లు ఇప్పుడు జెఫా తప్ప ఎవరూ లేరు.

"ఆ పాట పాడండి, దోనా జెఫా."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"మరెందుకు పాడటం?"

"రికార్డు చేసుకోవడానికి."

"నీ పెట్టెకేమన్నా పిల్లలు పోయారా?"

పదకొండు రోజులూ మాటలు ఇవే. ఒకరోజు వకుళ ఓపిక తెగింది.

"మీ తర్వాత ఈ పాట ఎవరికీ రాదు. చచ్చిపోతుంది. మీకు బాధ లేదా?"

జెఫా చిలుం నోట్లోంచి తీసి పెరట్లోకి చూపించింది. అక్కడ సున్నం కొట్టిన గుండ్రటి సిమెంటు తొట్టి ఉంది. ఇంటికప్పు మీద పడిన వాన నీరంతా గొట్టంలోంచి దానిలోకి దిగుతుంది.

"అది వచ్చి పద్దెనిమిదేళ్లు. అంతకుముందు మేకలూ మేమూ ఒకే గుంట నీళ్లు తాగాం. తర్వాత నర్సమ్మ బండి మీద రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు పసిపిల్లలు పోవడం లేదు. ఆ పాట నేను పాడి పద్నాలుగేళ్లయింది." మళ్లీ చిలుం నోట్లో పెట్టుకుంది. "నేను పదకొండు మందిని కన్నాను. ఏడుగురికి ఆ పాట నేనే పాడాను. అది చచ్చిపోవాలని మొక్కుకున్నదాన్ని. నువ్వు విమానమెక్కి వచ్చి దాన్ని బతికిస్తానంటావా?"

ఈ ప్రయాణం కోసం పెట్టుకున్న దరఖాస్తులో ఆమె 'అంతరించిపోతున్న' అనే మాట నాలుగుసార్లు రాసింది. హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చున్న అయిదుగురు పెద్దమనుషులు ఆ మాట దగ్గర నాలుగుసార్లూ తలలూపారు. ఎందుకు అంతరిస్తోంది అని ఒక్కరూ అడగలేదు.

అయినా ఆమె పుస్తకం తెరిచింది. అలవాటు. "ఆ ఏడుగురి పేర్లు చెప్తారా?"

జెఫా చెప్పింది. వకుళ రాసుకుంది. ఎవరు ఎన్ని రోజులున్నారో కూడా రాసుకుంది.

"పాడేటప్పుడు ఏడుపు రాలేదా?"

"తల్లి ఏడవకూడదు. పోయిన బిడ్డకు రెక్కలొస్తాయి, కన్నీళ్లు పడితే అవి తడుస్తాయి. పన్నెండో మెట్టు దాటేదాకా తల్లి కంట చుక్క రాలకూడదు."

"దాటాక ఏడవచ్చా?"

"ఏడవచ్చు," అంది జెఫా. "తీరికుంటేగా! మేకల పాలు పితకాలి, పెండలం తురమాలి. మిగిలినవాళ్లకు ఆకలేస్తుంది."

ఆ మాటతో వకుళ కలం ఆగింది.

తొమ్మిదేళ్ల కిందట ఆమెకూ ఒకరు అదే మాట చెప్పారు. రెక్కల సంగతి కాదు. "బాలింత ఏడవకూడదు, కళ్లు పోతాయి," అన్నారు అత్తగారు. తల్లి ఏడవకుండా చూడటానికి ఏ దేశంలోనైనా ఒక కారణం సిద్ధంగానే ఉంటుంది. అక్కడ బిడ్డ రెక్కలు, ఇక్కడ తల్లి కళ్లు. ఏడుపు వింటే మిగతావాళ్లకు అన్నం సహించదన్న సంగతి మాత్రం ఎక్కడా చెప్పరు.

ఆడపిల్ల. రెండు రోజులుంది. మూడో రోజు పొద్దున భర్త, మామగారు తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లారు. ఎక్కడ పెట్టారని అడిగితే, "చెప్తే రోజూ వెళ్లి కూర్చుంటావు," అన్నాడు భర్త. పేరు పెడదామంటే, "బారసాల కాని పిల్లకు పేరేమిటి వకుళా, ఇంకోళ్లు పుడతారులే," అన్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు పోట్లాడటం సులువయ్యేది.

ఇంకెవరూ పుట్టలేదు. కొన్నాళ్లకు ఆమె ఆ ఇంట్లోంచి వచ్చేసింది. వస్తూ ఒక కాగితం మాత్రం తెచ్చుకుంది. ఆసుపత్రి వాళ్లు నమోదు చేయించిన జనన పత్రం. తల్లి పేరు ఉంది, తండ్రి పేరు ఉంది. బిడ్డ పేరు అన్న గడి ఖాళీ.

ఆ తర్వాత ఆమె వయొలిన్ మీద ఒక రాగం మాత్రం మళ్లీ వాయించలేదు. ఆ పిల్ల కడుపులో ఉన్నప్పుడు సాయంత్రం పూట ఆరభి మొదలుపెడితే చాలు, లోపల్నుంచి తాళం వేసినట్టు తన్నేది. కచేరీల్లో ఎవరన్నా ఆరభి అడిగితే ఇప్పుడు తలనొప్పి అంటుంది.

ఇవేవీ దరఖాస్తులో రాయలేదు. నజీర్‌కి కూడా తెలియదు.

ఆ వారం జెఫా రంగు కాగితాలు తెచ్చి వసారాలో పోసింది. నవంబరు రెండో తేదీన అక్కడ పోయినవాళ్ల పండుగ. సమాధుల మీద కాగితప్పూలు పెడతారు. ఏడుగురికి ఏడు కట్టలు చెయ్యాలి.

"కత్తెర పట్టుకో," అంది జెఫా. "నీ పని అదే."

"పాట ఉందా ఈ పనికి?"

"లేదు. ఇది నోరు మూసుకుని చేసేది."

వకుళ రోజూ కూర్చుని రేకులు కత్తిరించింది. జెఫా వాటిని ముడతలు పెట్టి, తీగకు చుట్టి, పువ్వు చేసింది. తెల్లవి, నీలంవి. పన్నెండేసి పూలు ఒక కట్ట.

ఇంకో మూడు రోజుల్లో బయల్దేరాలనగా, నాలుగిళ్ల అవతల రోజా అనే అమ్మాయి కొడుక్కి జ్వరం వచ్చింది. అయిదు నెలల వాడు. వాంతులు, విరేచనాలు. నర్సమ్మ బండి రెండుసార్లు వచ్చి వెళ్లింది.

వకుళ మూడుసార్లు వెళ్లింది. పండ్లు పట్టుకెళ్లింది. పిల్లాడి నుదురు తాకి చూసింది. మూడో రోజు పొద్దున వెళ్లి వచ్చి వసారా మెట్టు మీద కూర్చుంది.

"ఎలా ఉందక్కా?" అన్నాడు నజీర్.

"తగ్గిందట. పాలు తాగుతున్నాడు."

నజీర్ మైకు తీగ చుడుతున్నవాడల్లా చెయ్యి ఆపి ఆమె ముఖంలోకి చూశాడు.

"అదేంటక్కా, తగ్గిందన్న మాట అలా చెప్తున్నావు?"

"ఎలా చెప్పాను?"

"రైలు తప్పిపోయినట్టు."

వకుళ చెప్పులకంటిన ఎర్రమట్టి దులుపుకుంది.

"మనం రాబందుల్లా తయారయ్యాం అక్కా," అన్నాడు నజీర్ మెల్లగా. "నిన్నొక్కదాన్నే అనడం లేదు. నేను మొన్నే కొత్త బ్యాటరీలు వేసి ఉంచాను. నన్నూ కలుపుకునే చెప్తున్నా."

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడవలేదు. ఏడవడం ఎలాగో మర్చిపోయిన మనిషి ముఖం కప్పుకుంటే ఎంతసేపు అలా ఉండాలో కూడా తెలియదు. కాసేపటికి చేతులు తీసేసింది.

లోపల కాఫీ కాస్తున్న జెఫాకు తెలుగు రాదు. వాళ్లిద్దరినీ గుమ్మంలోంచి చూసింది. మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఏడు కట్టలూ పూర్తయ్యాయి. గోడవారన వరసగా నిలబెట్టి ఉన్నాయి. సాయంత్రం బస్సు. వకుళ సామాన్లు సర్దుకుని, సెలవు తీసుకుందామని వసారాలోకి వచ్చింది.

జెఫా ఇంకో తెల్ల కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆమె చేతికిచ్చింది.

"కత్తిరించు."

"ఏడూ అయిపోయాయి కదా?"

"ఇంకోటి ఉందిగా."

"ఎవరికి?"

జెఫా తీగ వంచుతూ తలెత్తకుండానే మాట్లాడింది. "నేను పదకొండు మందిని కన్నానని చెప్పాను. నువ్వు పోయిన ఏడుగురి పేర్లూ రాసుకున్నావు, ఎన్నేసి రోజులున్నారో రాసుకున్నావు. బతికిన నలుగురి పేర్లు అడగనే లేదు. పాటల కోసం వచ్చినవాళ్లు నా ఇంటికి చాలామంది వచ్చారు పిల్లా. అలా ఎవరూ అడగలేదు."

వకుళ చేతిలో కత్తెర తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"ఎన్ని రోజులు?" అంది జెఫా.

"రెండు."

"పేరు?"

"పెట్టనివ్వలేదు."

అయ్యో అనలేదు జెఫా. దగ్గరికి తీసుకోలేదు. పీట ముందుకు జరుపుకుని, చిలుం కింద పెట్టింది.

"నీ పెట్టె తెచ్చుకో. పాడతాను."

నజీర్ అప్పటికే సర్దిన సంచి మళ్లీ విప్పాడు. మైకు నిలబెట్టాడు. వకుళ గడియారం తీసింది. గాజులు తీసింది. జుంకాలు తీసింది. ఆ మూడూ సంచిలో వేసింది.

జెఫా కళ్లు మూసుకుని మొదలుపెట్టింది.

*ఒకటో మెట్టు మీద దీపం పెట్టాను...*

అక్కడ ఆగింది. చేత్తో మోకాలి మీద నాలుగు మాత్రలు మెల్లగా కొట్టింది. మళ్లీ అందుకుంది.

*...ఎక్కు తల్లీ, వెనక్కి చూడకు.*

ఆ నాలుగు మాత్రలు బిడ్డ పేరుకు వదిలిన చోటు. వకుళకు చెప్పకుండానే తెలిసింది. రెండో మెట్టులో మారింది అంకె ఒక్కటే. రాగం అదే, ఖాళీ అదే. మూడో మెట్టు. నాలుగు. సన్నగా, బొంగురుగా, ఆడంబరం లేని గొంతు. ఒక్కో చరణానికి ఒక్క పిసరు పైకెళ్తోంది. వకుళ మనసు దాని పని అది చేసుకుపోతూనే ఉంది. ఇది ఈ స్వరం, ఇక్కడ ఈ జారుడు. గుండె ఏమైపోతున్నా ఆమె చెవి మాత్రం ఎప్పుడూ సెలవు పెట్టదు.

ఏడో మెట్టు పూర్తవుతుండగా వీధిలోకి గ్యాస్ బండి వచ్చింది. పైన మైకు కట్టుకుని, సిలిండర్లు కావాలా అంటూ పిచ్చి పాట ఒకటి గోల గోలగా వేసుకుంటూ ఇంటి ముందే నిలబడింది.

నజీర్ వకుళ వైపు చూశాడు.

ఇలాంటప్పుడు వాళ్లిద్దరికీ ఒక సైగ ఉంది. పదిహేనేళ్ల అలవాటు. బయటి చప్పుడు పడితే అరచెయ్యి పైకెత్తడమే. పాడేవాళ్లు ఆపుతారు, చప్పుడు పోయాక మొదటి నుంచి అందుకుంటారు.

వకుళ చెయ్యి దానంతట అదే పైకి లేచింది.

జెఫా ఆపింది.

గ్యాస్ బండి వెళ్లిపోయింది. వకుళ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని ఆమె వేరెవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది.

"దోనా జెఫా... పొరపాటు. అలవాటులో... మీరు మళ్లీ మొదటి నుంచి..."

"దీనికి మళ్లీ మొదటి నుంచి అనేది లేదు," అంది జెఫా. "ఏడు మెట్లు ఎక్కింది. అక్కడ నిలబడి ఉంది."

"మీరే పూర్తి చెయ్యండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"ఆపింది ఎవరు?"

వకుళ తల దించుకుంది.

"నీకు ఒక్కసారి వింటే వచ్చేస్తుందిగా," అంది జెఫా. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "ఏడుసార్లు విన్నావు."

జెఫా కత్తెర, తెల్ల కాగితం తానే తీసుకుని రేకులు కత్తిరించడం మొదలుపెట్టింది.

నీడ వసారా స్తంభం దాటి ఒక గజం జరిగింది. అప్పుడు వకుళ పాడింది.

ఎనిమిదో మెట్టు. స్వరం తప్పలేదు. పేరు చోట నాలుగు మాత్రలు ఖాళీగా పోయాయి. తొమ్మిదో మెట్టు. ఖాళీ దగ్గర పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. జెఫా కత్తెర ఆపి ఎదురుచూసింది. నజీర్ నేలకేసి చూస్తున్నాడు.

పదో మెట్టు దగ్గర ఆ నాలుగు మాత్రల్లో ఒక పేరు పడింది. వినీవినపడకుండా. కొలిచి చేసినట్టు సరిపోయింది.

పదకొండో మెట్టు మీద వీధిలోకి వినిపించింది.

పన్నెండో మెట్టు మీద పేరు పలికాక ఆమె గొంతు కాసేపు అక్కడే ఉండిపోయింది, చెయ్యి వదలడానికి మనసొప్పనట్టు. తర్వాత చివరి మాట కూడా పాడింది. *వెనక్కి చూడకు.*

జెఫా పన్నెండో పువ్వు తీగకు చుట్టి, ఎనిమిదో కట్ట దారంతో ముడేసింది. లేచి, మిగతా ఏడింటి పక్కన నిలబెట్టింది.

"నువ్వు చెయ్యెత్తగానే మిషను ఆపేశానక్కా," అన్నాడు నజీర్. "మళ్లీ పెట్టలేదు."

వకుళ తలూపింది. ముఖం బిగపట్టుకుని, పళ్లు కరుచుకుని కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుగా అలాగే కూర్చుని ఉంది.

జెఫా కత్తెర పక్కన పెట్టింది. చుట్టూ పడి ఉన్న కాగితం ముక్కలు ఏరింది. పొయ్యి మీద కుండ వైపు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది.

"పన్నెండూ అయ్యాయి పిల్లా. ఇవాళ నీకు వేరే పనేం లేదు."

ఆ సాయంత్రం వాళ్లు లేకుండానే బస్సు వెళ్లిపోయింది.

ఆల్బంలో ఇరవయ్యారు పాటలే వచ్చాయి. ఊరికి తిరిగొచ్చిన నెలలోనే వకుళ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, పాత జనన పత్రంలో ఖాళీగా ఉన్న గడిలో ఆరభి అని రాయించింది.